ఎర్ర సిరా కొట్టేసిన మాటలు

ప్రాథమిక పాఠశాల పిల్లల రాత గురించి ఉపాధ్యాయుల మధ్య తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటుంది: పిల్లల దగ్గర మాటలు లేవు. వాన మీద రాయమన్నా, సంత మీద రాయమన్నా, అమ్మ మీద రాయమన్నా ‘చాలా బాగుంది’, ‘ఎంతో అందంగా ఉంది’, ‘నాకు చాలా ఇష్టం’ అనే మూడు ముక్కల దగ్గర కలం ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టిస్తారు. నానార్థాలు వల్లె వేయిస్తారు. గైడ్లలోని వ్యాసాలు ఎత్తి రాయిస్తారు. అయినా రాత మారదు. ‘అందంగా’ ఉన్నచోట ‘రమణీయంగా’ వచ్చి కూర్చుంటుంది. చదివేవారి కంటికి మాత్రం వాన కనబడదు, సంత వినబడదు, అమ్మ కదలదు.

ఫిర్యాదులోని వాస్తవాన్ని కాదనలేం. కానీ దాని కారణాన్ని వెతకవలసిన చోటు పిల్లల బుర్ర కాదు. అయిదేళ్లు నిండి బడిలో అడుగుపెట్టే పిల్ల వేల మాటలతో వస్తుంది. అవి ఇంట్లో, వాడలో, పనిచోట, పండుగలో నేర్చుకున్న మాటలు. వాటిలో దేనికి నోటుపుస్తకంలో చోటు దొరుకుతుందో, ఏది గడప బయటే ఆగిపోవాలో నిర్ణయించే ఒక పాత చట్రం మన భాషా బోధనలో ఉంది. ఆ చట్రాన్ని తయారు చేసినవారి కులమూ, దాని బయట నిలబడిపోయినవారి కులమూ చూడకుండా పిల్లల పదసంపద గురించి మాట్లాడడం అసంపూర్ణమైన చర్చ.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఉత్తర తెలంగాణ పల్లెలో మూడో తరగతి చదివే పిల్ల వాన గురించి ఇలా రాసిందనుకుందాం: ‘పొద్దుగాల్నే ముసురు వట్టింది. మా రేకుల మీద సినుకులు టపటప కొట్టినయ్. పొయ్యిల కట్టెలు తడిసినయ్. ఊదంగ ఊదంగ పొగే వచ్చింది. అమ్మ కూలికి వోలె.’ అలవాటైన ఎర్ర కలం ఈ అయిదు వాక్యాలను ఏం చేస్తుందో మనకు తెలుసు. ‘వట్టింది’ తప్పు, ‘సినుకులు’ తప్పు, ‘కొట్టినయ్’ తప్పు, ‘వోలె’ మరీ తప్పు. ఆ తర్వాత బల్ల మీద ఒప్పు వ్యాసం వెలుస్తుంది: ‘నిన్న వర్షం కురిసింది. ప్రకృతి చాలా అందంగా ఉంది. చెట్లు పచ్చగా ఉన్నాయి. నాకు చాలా ఆనందం కలిగింది.’ పిల్ల దాన్ని ఎత్తి రాసుకుంటుంది. పదికి తొమ్మిది మార్కులు వస్తాయి.

ఈ మార్పిడిలో పోయిందేమిటి? ‘ముసురు’ అంటే ఆకాశం మూసుకుపోయి, తెరిపి ఇవ్వకుండా, సన్నగా కురుస్తూనే ఉండే వాన. వర్షం, వాన, వృష్టి అనే పర్యాయపదాల వరుసలో ఏదీ ఆ అర్థాన్ని ఇవ్వలేదు. ‘టపటప’ అనే ధ్వనితో ఇంటి పైకప్పు రేకులదని తెలిసింది. ‘ఊదంగ ఊదంగ’ అన్న ద్విరుక్తిలో ఒక తల్లి పొయ్యి ముందు గడిపిన సమయమంతా ఉంది. ‘అమ్మ కూలికి వోలె’ అన్న చివరి వాక్యంలో ఆ ఇంటి అర్థశాస్త్రం ఉంది; వాన అంటే ఆ రోజు కూలి లేకపోవడం. ఒప్పు వ్యాసంలో మిగిలింది ఎవరికీ చెందని వర్షం, ఎవరూ అనుభవించని ఆనందం. ఆ పిల్ల ఇక్కడ వర్ణక్రమాన్ని మించిన పాఠం ఒకటి నేర్చుకుంటుంది. తను చూసింది రాస్తే తప్పవుతుందనీ, చూడనిది రాస్తే మార్కులొస్తాయనీ. నాలుగో తరగతికి వచ్చేసరికి ‘చాలా బాగుంది’ అనే వాక్యం వెనుక దాక్కోవడం ఆమెకు అలవాటవుతుంది. అప్పుడు మనం ఆమె దగ్గర మాటలు లేవంటాం.

తెలుగు బడుల్లో తరాలుగా నడుస్తున్న ‘ఆవు’ వ్యాసాన్ని ఈ వెలుగులో చూడాలి. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లు, అది పాలిచ్చును. ఆవును ఎన్నడూ కాయని పిల్లలూ దాన్ని రాయగలరు. అదే దాని సౌలభ్యం. మన రెండు రాష్ట్రాల పాడిలో గేదెపాల వాటా చాలా పెద్దది. బహుజన కుటుంబాల పిల్లలు తోలుకెళ్లేది, కడిగేది, మేపేది ఎక్కువగా గేదెనే. ఆ పిల్లలకు పడ్డ తెలుసు, దుడ్డె తెలుసు. చూడిగేదె నడక వేరని తెలుసు. దూడను వదిలితేనే గేదె చేపుకు వస్తుందనీ, ఒట్టిపోయిన గేదె ఇంటికి ఎంత భారమో, ఈనిన తొలిరోజుల పాలతో జున్ను ఎలా వస్తుందో తెలుసు. కుడితి వాసన, పలుపు ఒరిపిడి వాళ్ల చేతులకు తెలుసు. గేదె మీద రాయమని అడిగితే ‘నాలుగు కాళ్లు’ అనే వాక్యం ఏ పిల్లా రాయదు. కానీ వ్యాసానికి తగిన పశువు ఏదో ముందే నిర్ణయమైపోయింది. పాఠ్యపుస్తకాల తెలుగు తమ ఇళ్లలో మాట్లాడే తెలుగు కాదని, శ్రమజీవుల జ్ఞానానికి ఆ పుస్తకాల్లో చోటే లేదని కంచ ఐలయ్య 1996లో ‘నేను హిందువునెట్లయిత’గా తెలుగువారికి పరిచయమైన తన ఆంగ్ల గ్రంథంలో వాదించారు. ఆ తర్వాత పుస్తకాలు కొంత మారాయి. ఎర్ర కలం అంతగా మారలేదు.

ఈ అలవాటు చాలా పాతది. బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. కాంప్‌బెల్ 1823లో ఆ జిల్లాలోని దేశీయ పాఠశాలల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు, కన్నడ పద్యాలను పిల్లలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారనీ, వాటి భాష జనం మాట్లాడే భాషకు దూరమైనది కనుక అర్థం మాత్రం వారికి తెలియదనీ ఆయన గమనించాడు. పలికినదాన్ని పలికే చిలుకతో వాళ్లను పోల్చాడు. వలస అధికారి చూపులో ఉండే లోపాలన్నీ ఆయనలోనూ ఉండవచ్చు. కానీ అర్థంతో నిమిత్తం లేని పదసంపద అనే జబ్బును ఆయన సరిగానే పట్టుకున్నాడు.

సంప్రదాయ విద్యలో పదసంపదకు మూలస్తంభం అమరకోశం. ఆ నిఘంటువు రెండో కాండంలో మనుషుల లోకాన్ని బ్రహ్మవర్గం, క్షత్రియవర్గం, వైశ్యవర్గం, శూద్రవర్గం అని వరుసగా పేర్చారు. యజ్ఞం మాటలు ఒక వర్గంలో, యుద్ధం మాటలు మరో వర్గంలో. కుమ్మరి, నేతగాడు, చర్మకారుడు వంటి చేతిపనివారి పేర్లన్నీ చివరి వర్గంలో. అంటే పిల్లవాడు మాటలను కంఠస్థం చేస్తూనే వాటి అంతస్తులనూ కంఠస్థం చేశాడు. పైగా ఆ చివరి వర్గంలో పేర్లున్న జనాలలో చాలామందికి ఆ పుస్తకం చదివే బడిలో ప్రవేశమే లేదు. వారి గురించి మాటలు లోపల ఉన్నాయి. వారి మాటలు బయట ఉన్నాయి.

ఆధునిక విద్య వచ్చాక చట్రం రూపు మారింది. 1858లో వెలువడిన చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ శాస్త్రగ్రంథంగా గొప్పది. దాని సూత్రరచన పట్ల గౌరవం ఉండవలసిందే. కానీ ఆ తర్వాత బడిలో స్థిరపడిన ‘గ్రామ్యం’ అనే ముద్ర చేసిన పని వేరు. లక్షణానికి లొంగని మాట గ్రామ్యం, గ్రామ్యం కనుక పరిహార్యం. ఊళ్లో మాట్లాడే మాట తప్పుకు పర్యాయపదమైపోయింది. ఈనాటికీ మన పిల్లలు ‘ప్రకృతి–వికృతి’ పట్టిక చదువుతున్నారు. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. ముఖం ప్రకృతి, మొగం వికృతి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. వ్యాకరణంలో వికృతి అంటే మార్పు చెందిన రూపమనే అర్థం. ఆ సంగతి ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పరు. ఆమెకు తెలిసిన వికృతం అంటే అసహ్యమైనది. పొద్దున్నే తన అమ్మ రాజేసే అగ్గి వికృతమనీ, ఎక్కడో ఉన్న అగ్ని సహజమనీ ఆమెకు పట్టిక చెబుతోంది. ‘సంస్కృత రూపం, తెలుగు రూపం’ అని శీర్షిక మార్చడానికి ఏ కమిటీ అవసరం? ఏ నిధులు అవసరం?

గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఈ గోడను కొంతమేర కూల్చింది. గిడుగు ఒక అడుగు ముందుకేసి సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం బడులు నడిపి, వాచకాలు రాసి, నిఘంటువు కూర్చారు. ఆయన జయంతిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ మనం ఎక్కువగా మరచిపోయేది ఈ సవర అధ్యాయాన్నే. వ్యావహారికం గెలిచింది. కానీ గెలిచింది ‘శిష్ట’ వ్యావహారికం. కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల చదువుకున్న పైకులాల నోటి భాష కొత్త ప్రమాణమైంది. గ్రాంథికం స్థానంలో అది కూర్చుంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలూ, అన్ని ప్రాంతాల్లోని దళిత, బహుజన, ఆదివాసీ నుడికారాలూ మళ్లీ ‘తప్పులు’గానే మిగిలాయి.

నిఘంటువుల్లోనూ ఇదే కథ. సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రధానంగా కావ్యభాష మీద ఆధారపడింది. వృత్తిజీవుల మాటలను వెతుక్కుంటూ ఊళ్లకు వెళ్లిన పని భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదకోశం, 1962లో వెలువడింది. ఆ తర్వాత చేనేత మాటలకూ ఒక సంపుటం వచ్చింది. భారతీయ భాషల్లో ఇది మార్గదర్శకమైన కృషి. రైతుకూలీ, నేతగాడు ఇక్కడ భాషకు ఆధారాలయ్యారు. అయితే ఆ సంపుటాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల బీరువాల్లో ఉండిపోయాయి. ఏ మూడో తరగతి గదిలోకైనా అవి నడిచివచ్చాయా?

రచనలో జీవకళ ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకుంటే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో అర్థమవుతుంది. విశేషణాలు గుప్పిస్తే రాత రంగులీనుతుందని మన బోధన నమ్ముతోంది. నిజానికి రాతకు ప్రాణం క్రియలో, నామవాచకంలో, ధ్వనిలో ఉంటుంది. ‘బట్టలు చక్కగా శుభ్రం చేశారు’ అన్న వాక్యంలో ‘చక్కగా’ తీసి ‘ఎంతో చక్కగా’ పెట్టినా ఏమీ కనబడదు. నానబెట్టారు, ఉడకేశారు, బండకేసి బాదారు, జాడించారు, పిండారు, గంజి పెట్టారు, ఆరేశారు అని రాయండి. రేవు మొత్తం కళ్లముందుకు వస్తుంది. ‘పంట ఇంటికి వచ్చింది’ అన్నచోట కోయడం, పనలు వేయడం, కట్టలు కట్టడం, కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం అనే క్రియల వరుస పెడితే ఎన్ని చేతులు కలిస్తే ఆ పంట వచ్చిందో తెలుస్తుంది. శ్రమకు దూరంగా ఉన్న భాషలో ఈ క్రియలన్నీ ‘చేయడం’గా కుదించుకుపోతాయి. పని చేసేవారి భాషలో ఒక్కొక్క కదలికకూ ఒక్కొక్క మాట ఉంటుంది. ఎందుకంటే మాట తేడా వస్తే పని చెడుతుంది.

గంభీరమైన సాహిత్య విమర్శ కూడా ఈ మాటల మీదే బతుకుతోందన్నది గమనించదగిన విషయం. ఇతివృత్తమూ శిల్పమూ ‘పడుగుపేకల్లా’ అల్లుకున్నాయంటాం. ఆ మాట మగ్గం ఇచ్చింది. పాత్రలు ‘మూస’లో పోసినట్టున్నాయంటాం, భాషకు ‘పదును’ ఉందంటాం, ‘గీటురాయి’ మీద పరీక్షించాలంటాం, ‘పుటం పెట్టిన’ ప్రతిభ అంటాం, జీవితంలో ‘ఆటుపోట్లు’ అంటాం. కంసాలి, కమ్మరి, నేతగాడు, బెస్త ఇచ్చిన మాటలివి. ఆచార్యుడి వ్యాసంలో అలంకారమైన మాట, దాన్ని పుట్టించిన ఇంటి బిడ్డ నోట యాస అవుతోంది. దీనికి భాషాశాస్త్రంలో కారణం దొరకదు. సమాజంలోనే వెతకాలి.

పీడిత కులపు బిడ్డ తన కళ్లతో చూసినదాన్నీ, తన వాడలో విన్నదాన్నీ రాస్తే ఏమవుతుందో మన దేశ చరిత్రలో ఒక గొప్ప నిదర్శనం ఉంది. పుణెలో సావిత్రీబాయి, జ్యోతిరావు ఫూలే నడిపిన బడిలో చదువుకున్న మాంగ్ కులపు బాలిక ముక్తా సాళ్వే మహర్, మాంగుల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 1855లో ‘జ్ఞానోదయ’ అనే మరాఠీ పత్రికలో అది అచ్చయింది. తమవారికి సిందూరం కలిపిన నూనె తాగించి పెద్దల భవనాల పునాదుల్లో పూడ్చేవారనీ, తాలింఖానా ముందునుంచి నడిచిన అంటరానివాడి తల తెగగొట్టి కత్తులతో బంతాట ఆడేవారనీ, నెత్తిన కప్పులేని చోట ప్రసవించే తమ స్త్రీలు చలికీ వానకూ ఎలా అల్లాడతారో అందులో చెప్పింది. తమకు వేదాల మీద హక్కు లేదంటే మరి తమ మతమేదని నిలదీసింది. ఆ వ్యాసం నూట డెబ్బై ఏళ్ల తర్వాత కూడా చదివేవారిని కుదిపేస్తుంది. దాని బలం విశేషణాల్లో లేదు. నూనె, సిందూరం, పునాది, కత్తి, చలి, వాన: అన్నీ మామూలు వస్తువుల పేర్లు. ఆ పిల్లకు ఫూలే దంపతులు అక్షరం ఇచ్చారు; చెప్పవలసిన సంగతిని ఆమె తన వాడనుంచే తెచ్చుకుంది. ఆ వ్యాసాన్ని దిద్ది ‘మా గ్రామం చాలా అందంగా ఉంది’ అని రాయించి ఉంటే మనకు ముక్తా సాళ్వే మిగిలేది కాదు.

బోధనాపద్ధతిగా ఇది సాధ్యమేనని చూపినవారూ ఉన్నారు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా యాష్టన్-వార్నర్ 1963లో వెలువడిన ‘టీచర్’ అనే పుస్తకంలో తన పద్ధతిని వివరించారు. పొద్దున్నే ఒక్కొక్క పిల్లను దగ్గరకు పిలిచి ఈ రోజు నీకు ఏ మాట కావాలని అడిగేవారు. పిల్ల చెప్పిన మాటను అట్టముక్క మీద రాసి ఆమెకే ఇచ్చేవారు. భయం, ప్రేమ, ఇంట్లో గొడవ, ఇష్టమైన మనిషి: పిల్లలు అడిగే మాటలు వీటి చుట్టూ ఉండేవి. అలాంటి మాటను పిల్లలు ఒక్కసారి చూస్తే మరచిపోరని ఆమె గ్రహించారు. పరాయి జీవితాన్ని చూపే వాచకం నెలల తరబడి నేర్పలేనిది ఆ అట్టముక్క ఒక్క రోజులో నేర్పింది.

ఇక్కడ దళిత, బహుజన ఆలోచనాపరులనుంచే రాదగిన రెండు అభ్యంతరాలున్నాయి. రెండూ బరువైనవే.

మొదటిది: ఇంటిభాషను పొగడడం పేదల పిల్లలను ప్రమాణ భాషకూ, ఇంగ్లీషుకూ దూరంగా ఉంచే ఎత్తుగడ కాదా? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టే ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఈ వాదనే బలంగా వినిపించింది. తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, పక్కవాడి పిల్లలకు మాతృభాషా మాధుర్యం బోధించే ద్వంద్వ నీతిని బహుజనులు అనుమానించడం పూర్తిగా న్యాయం. కనుక ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రమాణ తెలుగూ, ఇంగ్లీషూ ఈ పిల్లల హక్కు. వాటిని బాగా, పూర్తిగా నేర్పాలి. ప్రశ్న అల్లా, ఏ పునాది మీద నేర్పాలన్నదే. ‘ముసురు’ను ‘తప్పు’ అని కొట్టేసిన గదిలో పిల్ల ‘వర్షం’ రాయడం నేర్చుకుంటుంది గానీ, వానను గమనించడం మానేస్తుంది. గమనించడం మానేసిన పిల్ల ఏ భాషలోనూ బాగా రాయలేదు. రేపు ఇంగ్లీషులో రాయవలసి వచ్చినా అక్కడా ఆమెకు దొరికేది ‘బాగుంది’కి సమానమైన ఒకే ఒక్క మాట. తన మాటలో సూక్ష్మమైన తేడా చెప్పగలిగిన పిల్ల, ఆ తేడాను రెండో భాషలోనూ వెతుక్కుంటుంది.

రెండోది ఇంకా సున్నితమైనది. వృత్తిపదాలను బడిలోకి తేవడమంటే పిల్లలను మళ్లీ కులవృత్తికి కట్టేయడం కాదా? కులం శ్రమవిభజన మాత్రమే కాదని, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఈ పద్ధతికి లక్ష్మణరేఖ కావాలి. ‘నువ్వు కుమ్మరివాళ్ల పిల్లవు కదా, సారె గురించి చెప్పు’ అని తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు అన్నా ఆ గదిలో నష్టం జరిగిపోయినట్టే. పిల్లల కులాన్ని ఆధారం చేసుకుని మాటలు అడగకూడదు. అందరూ కలిసి మగ్గం దగ్గరకూ, ఇటుక బట్టీకీ, చేపల రేవుకూ, ట్రాక్టరు షెడ్డుకూ, మోటారు మెకానిక్ దగ్గరకూ వెళ్లాలి. అందరూ ఆ మాటలు నేర్చుకోవాలి. రెడ్డి బిడ్డ డప్పు సిర్రకూ చిటికెన పుల్లకూ తేడా నేర్చుకోవాలి, మాదిగ బిడ్డ నక్షత్రాల పేర్లు నేర్చుకోవాలి. వృత్తిపదాన్ని కులంనుంచి విడదీసి జ్ఞానంగా అందరి ముందూ పెట్టడంలోనే కులవ్యతిరేకత ఉంది.

దీనికి మరో వైపు కూడా చూడాలి. ఊరి భాషలో అంతా పవిత్రంగా లేదు. కులం పేరునే తిట్టుగా వాడే మాటలున్నాయి. స్త్రీలనూ, వికలాంగులనూ కించపరిచే సామెతలున్నాయి. అవి ‘జీవకళ ఉన్న నుడికారం’ పేరుతో రాతలోకి వస్తే ఉపాధ్యాయుడు మౌనంగా ఉండకూడదు. అలాగే పుస్తకభాష వర్ణనల్లోని వివక్షనూ ప్రశ్నించాలి. వర్ణన అభ్యాసాల్లో అందం ఎప్పుడూ తెల్లగా, చందమామలా ఎందుకుండాలి? నలుపు రాక్షసుడికే ఎందుకు దక్కాలి? ‘మురికివాడ’ అనే మాట రాసినప్పుడు అక్కడ మురుగుకాలువ వేయనివారి బాధ్యత ఆ మాటలో ఎక్కడికి పోయింది? తొమ్మిదేళ్ల పిల్లలతో ఇవన్నీ మాట్లాడవచ్చు. మాటకు బరువుంటుందని తెలిసిన పిల్లలే మాటను జాగ్రత్తగా ఎన్నుకుంటారు.

ఆచరణలో చేయదగినవి పెద్ద ఖర్చులేని పనులే. రాయమనడానికి ముందు మాట్లాడించాలి. ‘సంత గురించి రాయండి’ అనే ఆజ్ఞకు బదులు, సంతలో ముందు నీ చెవికి ఏం వినబడింది, ముక్కుకు ఏం తగిలింది, చేతికి ఏం అంటింది, ఎవరు ఎవరితో ఏమన్నారు అని అడగాలి. ‘బాగుంది’ అని రాసినచోట కొట్టేయకుండా, ‘ఏం చూసి బాగుందనుకున్నావు?’ అని పక్కన ఒక ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే అసలు వాక్యం.

తొలి రాతలో వర్ణక్రమం, యాస దిద్దకూడదు. అది పిల్ల తనవాళ్ల కోసం రాసిన ప్రతి. మలి రాతకు వచ్చేసరికి, వేరే జిల్లాలోని పిల్ల కూడా దీన్ని చదవాలంటే ఎలా రాద్దామని అడగాలి. అప్పుడు ప్రమాణ రూపం శిక్షగా కాక, దూరపు పాఠకుడి దగ్గరకు వేసే బాటగా అర్థమవుతుంది. ‘వట్టింది’ ‘పట్టింది’గా మారవచ్చు, ‘ముసురు’ మాత్రం ఉండితీరాలి. సంభాషణల్లో మనుషులు మాట్లాడినట్టే రాయనివ్వాలి. మన మంచి కథకులందరూ చేస్తున్నది అదే.

తరగతి గోడ మీద ఒక మాటల పట్టిక పెట్టాలి. అందులో ఒకే వస్తువుకు గదిలోని ఇళ్లన్నింటి పేర్లూ ఉండాలి: గేదె, బర్రె, ఎనుము. ఉర్దూ ఇంటి పేరు, లంబాడీ తండా పేరు, కోయ గూడెం పేరు, వలస వచ్చిన ఒడియా కూలీ బిడ్డ ఇంటి పేరు కూడా. వాటిలో ఏది ప్రకృతి, ఏది వికృతి అని తీర్పు చెప్పకుండా, ఎక్కడ ఏది చెల్లుతుందో మాట్లాడుకోవాలి. మూల్యాంకనంలో వర్ణక్రమానికి ఇచ్చే మార్కులకు తోడు, సరైన మాట సరైనచోట వాడినందుకు కొన్ని మార్కులు కేటాయించాలి. మార్కు దక్కనిదాన్ని మన బడి ఎన్నడూ గౌరవించలేదు కనుక ఈ చివరి పని లేకపోతే మిగిలినవన్నీ ఉపన్యాసాలుగానే మిగులుతాయి.

ఇవన్నీ కొత్త కోరికలు కావు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంటిభాషలను తరగతిలో వనరుగా చూడమంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 పిల్లలకు భయం లేకుండా చేయాలని, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా వ్యక్తం చేయడానికి తోడ్పడాలని ఆదేశించింది. ఎర్ర సిరాకు జడిసి ‘చాలా బాగుంది’ వెనుక దాక్కున్న ప్రతి పిల్లా ఈ సెక్షన్ ఉల్లంఘనకు సాక్ష్యమే. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మిగిలింది అత్యధికంగా దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ పిల్లలే కనుక ఈ ఉల్లంఘన ఎవరికి తగులుతోందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుచేత రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల ముందు మూడు డిమాండ్లు పెట్టవలసి ఉంది. ‘ప్రకృతి–వికృతి’ శీర్షికను ప్రాథమిక, ఉన్నత పాఠశాల వాచకాలనుంచి తొలగించి, ఆ సంబంధాన్ని నిష్పక్షపాతమైన పేరుతో బోధించాలి. మాండలిక వృత్తి పదకోశ సంపుటాల ఆధారంగా, బొమ్మలతో, జిల్లాకొక పిల్లల పదకోశం తయారు చేసి ప్రతి బడికీ ఇవ్వాలి. దానికి మాటలు అందించినవారి పేర్లు పండితుల పేర్లతో సమానంగా అచ్చువేయాలి. ఉపాధ్యాయ శిక్షణలో, యాసనూ తప్పునూ వేరుచేసి చూడడం ఒక పాఠంగా ఉండాలి. డి.ఎడ్., బి.ఎడ్. చదువుతున్న విద్యార్థులు ప్రభుత్వం కోసం ఎదురుచూడవలసిన పనిలేదు. బోధనాభ్యాసానికి వెళ్లే బడిలో ఒక్క తరగతిలో, ఒక్క నెల ఈ పని చేసి, పిల్లల తొలి రాతలను భద్రపరచవచ్చు. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్పుల కోసం, హాస్టళ్ల కోసం పోరాడినంత పట్టుదలతో పాఠ్యాంశాల కోసమూ పోరాడాలి. హాస్టలు గది దొరికిన పిల్లకు తరగతి గదిలో నోరు దొరకకపోతే ఆ పోరాటం సగమే.

ఈ దేశంలో పీడిత కులాలనుంచి భూమిని, నీటిని, అక్షరాన్ని లాక్కున్న చరిత్ర గురించి మనం మాట్లాడుతున్నాం. మాటను లాక్కోవడం గురించి తక్కువ మాట్లాడుతున్నాం. అది రోజూ పది గంటలకు బడి గంట మోగాక, మంచి మనసున్న ఉపాధ్యాయుల చేతుల మీదుగానే నిశ్శబ్దంగా జరిగిపోతోంది. దాన్ని ఆపడానికి చేయవలసిన మొదటి పని చిన్నదే. రేపు పిల్లల పుస్తకాలు దిద్దేటప్పుడు, తనకు తెలియని మాట ఒకటి కనిపిస్తే, దాని కింద గీత గీయబోయే ముందు ఉపాధ్యాయుడు ఆ పిల్లను పిలిచి దాని అర్థం అడగాలి.